కొత్త మాత్ర వచ్చిందట, మా వాడికి మార్చొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో చాలావరకు ఒకటే సంగతి. స్కిజోఫ్రీనియాకి (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం ఉండే మానసిక జబ్బు) అమెరికాలో కోబెన్ఫీ అనే కొత్త రకం మందు వచ్చిందని, ఒళ్ళు లావెక్కదని, చేతులు వణకవని, ఇక పాత మందులన్నీ పారేయొచ్చని ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో మొదటి మూడు మాటల్లో చాలావరకు నిజముంది, నాలుగోది మాత్రం ఎవరో సొంతంగా తగిలించారు. నిద్రలేమి, పిల్లల ఫోన్ పిచ్చి గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీకు వచ్చేసారి చెప్తా. ఈసారి మొత్తం దీనికే.

డాక్టర్ గారూ, మా అబ్బాయికి 26 ఏళ్ళు. బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా తన ఫోన్ ఎవరో వింటున్నారని, క్లాసులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని మొదలుపెట్టాడు. గుంటూరులో చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు, ఒలాంజపైన్ రాశారు. దేవుడి దయ వల్ల అనుమానాలు బాగా తగ్గాయి. కానీ 62 కిలోలుండే వాడు ఇప్పుడు 88, షుగర్ బోర్డర్లో ఉందంటున్నారు, పొద్దున పదింటిదాకా లేవడు. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు, కోబెన్ఫీ అని కొత్త మందొచ్చింది పిన్నీ, దానికి లావు అవ్వరు, తమ్ముడికి పంపిస్తా అంటున్నాడు. పంపమనమంటారా?
— ఒక తల్లి, తెనాలి

అమ్మా, పార్సిల్ మాత్రం తెప్పించకండి. ఎందుకో కింద చెప్తా. అలాగని మీ అక్కగారబ్బాయి చెప్పింది అబద్ధమేం కాదు, ఆ మందు నిజంగానే కొత్త రకం, కొత్త డబ్బాలో పాత మందు కాదు.

ఈ జబ్బుకి మందుల కథ 1952లో పారిస్‌లో సెయింట్ ఆన్ అనే ఆసుపత్రిలో మొదలైంది, జాన్ డిలే, పియర్ డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ ఇస్తే అల్లకల్లోలంగా ఉన్న పేషెంట్లు కుదుటపడ్డారు. ఆ తర్వాత హాలోపెరిడాల్ అనండి, రిస్పెరిడోన్ అనండి, మీవాడు వేసుకునే ఒలాంజపైన్ అనండి, పేర్లు మారాయి, సైడ్ ఎఫెక్టులు మారాయి, అసలు పని మాత్రం అదే, మెదడులో డోపమైన్ అనే రసాయనం వచ్చి తగులుకునే డీ2 రిసెప్టర్‌ని మూసెయ్యడం. అరిపిప్రజోల్ లాంటివి పూర్తిగా మూయకుండా సగం సగం పనిచేయిస్తాయి గానీ చోటు మాత్రం అదే చోటు. 70 ఏళ్ళకి పైగా అందరం ఆ ఒక్క చోటే పట్టుకుని వేలాడాం.

మీది తెనాలి కాబట్టి కాలవ లెక్కలో చెప్తా. నీళ్ళు ఎక్కువై చేలు మునుగుతుంటే పాత మందులు చేను దగ్గర తూము మూస్తాయి. మునక తగ్గుతుంది గానీ నీళ్ళు కావాల్సిన చేనుకి కూడా అందవు, ఆ వణుకు, బిగుసుకుపోవడం, మొహంలో కళ తప్పడం అలా వచ్చేవే. కోబెన్ఫీ తూముల జోలికి పోదు, పైన లాకు దగ్గరే నీళ్ళు తక్కువ వదిలేలా చేస్తుంది. డీ2ని ముట్టుకోకుండా మస్కారినిక్ అనే వేరే జాతి రిసెప్టర్లలో ఎం1, ఎం4 అనే రెండిటిని ఉత్తేజపరుస్తుంది, ఎం4 పనిచేస్తే అవసరం లేనిచోట డోపమైన్ విడుదల తగ్గుతుంది, ఎం1 ఆలోచనకి, జ్ఞాపకానికి సంబంధించిన వైపు పనిచేస్తుందని అనుకుంటున్నారు.

ఇక లావు సంగతి. ఒలాంజపైన్ డోపమైన్ దగ్గరే ఆగకుండా ఆకలిని అదుపులో పెట్టే హిస్టమిన్ రిసెప్టర్లని, ఇంకొన్నిటిని కూడా మూసేస్తుంది, మీవాడు అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెల మూతలు తీస్తున్నాడంటే అది తిండిపోతుతనం కాదమ్మా, మందు చేసే పని. నిద్రమత్తు కూడా దాని వల్లే. కోబెన్ఫీకి ఆ పని లేదు కాబట్టి బరువు పెరగడం, వణుకు పాత మందుల్లో చూసినట్టు ఇందులో కనిపించలేదు.

ఈ మందు పుట్టుక కూడా ఒక విచిత్రం. ఇందులో రెండు మందులున్నాయి, జానోమెలిన్, ట్రోస్పియం. జానోమెలిన్ కొత్తదేం కాదు, 1990ల్లో ఎలై లిల్లీ కంపెనీ అల్జీమర్స్ మతిమరుపు కోసం తయారుచేసి చూసింది. మతిమరుపు సంగతేమో గానీ ఆ పేషెంట్లలో భ్రమలు, లేనిపోని అనుమానాలు తగ్గినట్టు 1997లో వచ్చిన రిపోర్టులో కనిపించింది. మరి అప్పుడే ఎందుకు రాలేదంటే వాంతులు, కడుపులో తిప్పడం, చెమటలు. మెదడులో ఉన్నట్టే ఈ మస్కారినిక్ రిసెప్టర్లు కడుపులో, పేగుల్లో, లాలాజల గ్రంథుల్లో కూడా ఉంటాయి, మందు అక్కడ కూడా రెచ్చగొట్టేది, పేషెంట్లు తట్టుకోలేక మానేసేవారు. అలా మూలన పడిన దాన్ని తర్వాత బోస్టన్‌లోని కరుణ థెరప్యూటిక్స్ అనే చిన్న కంపెనీ బయటకి తీసింది. మాటిమాటికీ మూత్రం వచ్చేవాళ్ళకి ఇచ్చే ట్రోస్పియం అనే పాత మందుంది, దానికున్న గుణం ఏంటంటే మెదడులోకి దాదాపు వెళ్ళదు, మెడ కింద మాత్రం మస్కారినిక్ రిసెప్టర్లని ఆపుతుంది. ఆ రెంటినీ ఒకే క్యాప్సూల్లో పెట్టారు. పైన ఒకటి పనిచేస్తుంటే కింద ఇంకోటి దాన్ని ఆపుతుంటుంది. నాకైతే ఇందులో బాగా నచ్చింది ఇదే, కొత్త అణువు కనిపెట్టిందేం లేదు, ఉన్న రెండిటిని పక్కపక్కన పెట్టడం తట్టింది అంతే. ఆ కంపెనీని బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 1400 కోట్ల డాలర్లకి కొనేసింది, 2024 సెప్టెంబర్ 26న అమెరికా ఎఫ్‌డీఏ పెద్దవాళ్ళలో స్కిజోఫ్రీనియాకి దీన్ని అనుమతించింది.

ఎంత పనిచేసిందని అడగాలి కదా. పాన్స్ అని ఒక కొలత ఉంది, 30 నుంచి 210 దాకా మార్కులు, ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువున్నట్టు. ఎమర్జెంట్-2 అనే ట్రయల్లో 252 మంది, అయిదు వారాలు, మందు వేసుకున్నవాళ్ళకి 21 మార్కులు తగ్గితే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి 12 దాకా తగ్గాయి. తేడా 9.6. ఎమర్జెంట్-3లో 256 మంది, తేడా 8.4. ఇది మంచి ఫలితమే, పాత మంచి మందుల వరసలో నిలబడేదే, వాటిని మించిపోయిందని మాత్రం దీన్నిబట్టి చెప్పలేం, ఎందుకంటే పోల్చింది ఉత్తుత్తి మాత్రతో, ఒలాంజపైన్‌తో కాదు. పైగా ఆ ట్రయల్స్‌లో పేషెంట్లందరూ ఆ అయిదు వారాలూ ఆసుపత్రిలోనే ఉన్నారు, పాత మందులు ఆపి మరీ ఇచ్చారు, రోజూ చూసేవాళ్ళు పక్కనే ఉన్నారు.

మీవాడి దగ్గరకి వద్దాం. ఒలాంజపైన్ వల్ల అనుమానాలు తగ్గాయన్నారు చూడండి, ఆ మాట తేలిగ్గా తీసుకోకండి, ఎంతోమందికి అది కూడా దొరకదు. అది ఆపేసి పార్సిల్లో వచ్చింది మొదలుపెడితే, అది పడకపోతే, మళ్ళీ ఫోన్ వింటున్నారనే దగ్గరకి వెళ్ళిపోతాడు, అప్పుడు పాత డోసుకి లొంగుతుందని గ్యారంటీ లేదు. ఇంకోటి, ఆ మందు మొదలుపెట్టే ముందు లివర్ టెస్టులు చూడాలి, పల్స్ చూడాలి, మూత్రం సాఫీగా వస్తుందా అని అడగాలి, డోసు మెట్లు మెట్లుగా పెంచాలి. ఇవన్నీ మీ అక్కగారబ్బాయి డాలస్ నుంచి చెయ్యలేడు కదమ్మా. ఇంకొకళ్ళ చీటీ మీద కొన్న మందు కొరియర్లో పంపడం రెండు దేశాల్లోనూ చిక్కే. ఇక్కడ దొరకని మందు సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే డాక్టర్ చీటీ పెట్టి ఫారం 12ఏ మీద డ్రగ్ కంట్రోల్ వాళ్ళకి అప్లై చేసి పర్మిట్ తీసుకోవాలి, ఆ దారి ఉంది గానీ మీకు ఇప్పుడు దాని అవసరం కనపడట్లేదు.

ముందు మీ గుంటూరు డాక్టర్ గారి దగ్గర కూర్చుని లావు గురించే మాట్లాడండి. బరువు, నడుము చుట్టుకొలత, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్ రాయించండి. మెట్‌ఫార్మిన్ కలిపితే కొంత బరువు తగ్గుతుంది, లేదా నెమ్మదిగా అరిపిప్రజోల్ వైపు మార్చి చూడొచ్చు, రాత్రి మాత్ర ఎనిమిదింటికే వేస్తే పొద్దున మత్తు కొంచెం తగ్గుతుంది. ఇవేవీ వాట్సాప్‌లో తిరగవు, ఎందుకంటే ఇందులో కొత్తేం లేదు.

హాయ్ డాక్టర్ గారు, మేం టెక్సస్‌లో ఉంటాం. అన్నయ్యకి ఇక్కడ సైకియాట్రిస్ట్ కోబెన్ఫీ స్టార్ట్ చేశారు. మొదటి వారం పర్లేదు, డోస్ పెంచాక రోజూ వాంతులు, మానేస్తానంటున్నాడు. అమ్మ ఇండియా నుంచి వచ్చింది, ఖాళీ కడుపుతో మాత్ర ఏంట్రా పేగులు కాలిపోతాయి అని ఇడ్లీ తినిపించి మరీ వేయిస్తోంది. ఇంత స్ట్రాంగ్ మందా ఇది?
— ఒక చెల్లెలు

అమ్మగారికి నమస్కారం చెప్పండి, ఆవిడ ప్రేమగానే చేస్తున్నారు, కానీ సమస్య ఆ ఇడ్లీలో ఉండే అవకాశం చాలా ఎక్కువ!

మన ఇళ్ళల్లో మాత్ర అంటే తిన్నాకే, అది తాతల నుంచి వచ్చిన రూలు, నొప్పి మాత్రలకి అది కరెక్టే. ఈ మందుకి మాత్రం తిరగబడుతుంది. తినడానికి కనీసం గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి. ఎందుకంటే ట్రోస్పియం తిండితో కలిస్తే ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు, జానోమెలిన్ మాత్రం ఎక్కేస్తుంది. కడుపుని కాపాడాల్సిన వాడు గేటు బయటే ఉండిపోయాడు, తిప్పేవాడు లోపలికొచ్చేశాడు, ఇంక వాంతులు కాక ఏమవుతాయి.

కాబట్టి ఇలా చేసి చూడండి. పొద్దున లేవగానే ఆరున్నరకి మంచినీళ్ళతో క్యాప్సూల్, ఏడున్నర దాటాక టిఫిన్, ఆ మధ్యలో పాలు పోసిన కాఫీ కూడా వద్దు, నేనైతే దాన్ని ఖాళీ కడుపు కింద లెక్కెయ్యను. సాయంత్రం మీరు తొమ్మిదింటికి అన్నం తింటారనుకుంటే ఏడున్నరకి రెండోది, అప్పుడు పకోడీలు, మిక్చర్ లాంటివేమీ ముందు తినకుండా ఉండాలి. క్యాప్సూల్ విప్పి పొడి కలపడాలు కూడా చెయ్యకూడదు.

డోసు సంగతి కూడా మీ డాక్టర్‌ని అడగండి. మామూలుగా 50/20తో (అంటే 50 మిల్లీగ్రాముల జానోమెలిన్, 20 మిల్లీగ్రాముల ట్రోస్పియం) రోజుకి రెండుసార్లు కనీసం రెండు రోజులు, తర్వాత 100/20 రోజుకి రెండుసార్లు కనీసం అయిదు రోజులు, అది తట్టుకుంటేనే 125/30. ఆ "కనీసం" అన్నమాట గట్టిగా పట్టుకోండి, అయిదు రోజులు అయిపోయాయి కదా అని ఎక్కించాలనేం లేదు, 100 దగ్గరే ఇంకొన్నాళ్ళు ఉంచొచ్చు, ఒక మెట్టు దిగొచ్చు కూడా. వికారం, వాంతులు చాలామందికి మొదటి వారాల్లోనే ఎక్కువ, తర్వాత సర్దుకుంటాయి. టైమింగ్ మార్చినా తగ్గకపోతే సొంతంగా ఆపకుండా ఆ రోజే క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి.

ఇంకా కొన్ని చూస్తూ ఉండండి. గుండె దడ, బీపీ పెరగడం ఉండొచ్చు, ఇంట్లో మెషిన్ ఉంటే రోజూ ఒకసారి చూసి కాగితం మీద రాయండి. మలబద్ధకం చాలా కామన్. మూత్రం మొదలవ్వడానికి ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంటే, సన్నగా వస్తుంటే, మూత్రం రంగు మారితే, కళ్ళు పచ్చబడితే, పొట్ట కుడివైపు పైన నొప్పి వస్తే వెంటనే చెప్పాలి. అన్నయ్యకి డిప్రెషన్‌కి ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివేమైనా వాడుతుంటే అది కూడా చెప్పండి, అవి జానోమెలిన్‌ని ఒంట్లో పెంచేస్తాయి, వాంతులకి అదీ ఒక కారణం కావొచ్చు.

స్ట్రాంగా అని అడిగారు. స్ట్రాంగ్ ఏం లేదు, టైం విషయంలో కొంచెం పట్టింపు ఎక్కువున్న మందు.

డాక్టర్ సార్, నేను రిటైర్డ్ ఉద్యోగిని, కరీంనగర్ దగ్గర. మా బిడ్డకు 34 ఏండ్లు, పన్నెండేండ్ల సంది ఈ బీమారి. ఎన్ని గోలీలు మార్చినా ఆగలే, ఆఖరికి క్లోజపైన్ పెట్టినంక మంచిగున్నది, వంట చేస్తది, చెల్లె పిల్లలను ఆడిపిస్తది. కానీ నెలనెలా రక్త పరీక్ష, నోట్ల కెళ్లి చొంగ కారుడు. అమెరికా కొత్త గోలి ఎంతయినా సరే తెప్పిద్దామని మా ఇంటి పక్క జాగ అమ్ముదామనుకుంటున్న. మీరేమంటరు?
— ఒక తండ్రి

సార్, ఆ జాగ అమ్మకండి.

ఇంత సూటిగా ఎందుకు చెప్తున్నానంటే మీ ఉత్తరంలో "చెల్లె పిల్లలను ఆడిపిస్తది" అన్నారు చూడండి, అంతకన్నా పెద్ద రిపోర్టు నాకు ఏ ల్యాబూ ఇవ్వదు. రెండు మూడు మందులకి లొంగని స్కిజోఫ్రీనియాకి క్లోజపైన్‌కి సాటి ఇప్పటికీ లేదు. 1988లో అమెరికాలో మందులకి లొంగని 268 మంది మీద చేసిన స్టడీలో క్లోజపైన్‌తో 30 శాతం మంది బాగుపడితే పాత మందుతో 4 శాతమే. కోబెన్ఫీ అనుమతి తెచ్చుకున్న ట్రయల్స్ మీ అమ్మాయి లాంటివాళ్ళ మీద చేసినవి కావు. క్లోజపైన్ ఆపి దాని మీదకి మారిస్తే ఏమవుతుందో చెప్పగలిగినంత సాక్ష్యం లేదు, పైగా క్లోజపైన్ ఒక్కసారిగా ఆపితే జబ్బు చాలా గట్టిగా తిరగబెడుతుంది.

అసలు అమెరికాలోనే 2024లో వచ్చినప్పుడు ఆ మందు లిస్టు ధర నెలకి 1,850 డాలర్ల దాకా, అంటే మన లెక్కలో లక్షన్నర దాటిపోయింది, ప్రతి నెలా. అక్కడ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి సర్దుబాటవుతుంది, మీ జాగ ఎన్నాళ్ళొస్తుంది? క్లోజపైన్ మాత్రలు మన దగ్గర ఎంత చవకో మీకే తెలుసు.

రక్త పరీక్ష విసుగే, కాదనను. కొంతమందికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కాబట్టి అది మానడానికి లేదు, జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్రం నెల దాకా ఆగకుండా ఆ రోజే చేయించండి. చొంగకి రాత్రి దిండు కొంచెం ఎత్తు పెట్టడం, తువ్వాలు పరవడం దగ్గర్నుంచి నాలుక కింద అట్రోపిన్ చుక్కల దాకా ఉన్నాయి, డాక్టర్ని అడగాలే గానీ సిగ్గుపడి ఊరుకోకూడదు. మీరు రాయనిది ఒకటి నేనే అడుగుతా, విరేచనం రోజూ అవుతుందా? క్లోజపైన్‌తో మలబద్ధకం ముదిరితే పేగు ఆగిపోయి ప్రాణం మీదకి రావొచ్చు, చొంగ గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఆడపిల్ల నాన్నకి చెప్పదు, వాళ్ళమ్మ చేత అడిగించండి.

ఇంకో పని ఉంది, అది జాగ అమ్మడం కన్నా లాభం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. వికలాంగ సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపులో (సదరం అంటుంటారు) చూపించి 40 శాతం, ఆ పైన వస్తే పింఛన్‌కి అప్లై చేసుకోవచ్చు. పాత చీటీలన్నీ, డిశ్చార్జ్ కాగితాలతో సహా, ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి, మంచిగున్న రోజు తీసుకెళ్ళి "బాగానే ఉంది కదా" అనిపించుకుని వచ్చేవాళ్ళు చాలామంది.

సార్ నేనే పేషెంట్‌ని, 31. గాజువాకలో షాపులో పని. రిస్పెరిడోన్, ప్యాసిటేన్ వాడుతున్నా. మాటలు వినిపించడం 80 శాతం తగ్గింది, మిగిలింది సాయంత్రాలు వస్తది, తిడతారు. నోరు ఎండిపోద్ది, లెక్కలు మర్చిపోతున్నా, ఓనర్ అరుస్తున్నాడు. కొత్త మందు దీంతో పాటు కలిపి వేసుకుంటే మొత్తం పోద్దా? నన్ను పిచ్చోడనుకోకుండా చెప్పండి.
— పేరు వద్దు

తమ్ముడూ, జబ్బుతో షాపులో పనిచేస్తూ దాన్ని శాతాల్లో లెక్కేసి రాసినవాడిని అలా ఎందుకనుకుంటాను.

కలిపి వేసుకునే సంగతి నువ్వు అడిగినట్టే కంపెనీ వాళ్ళు కూడా అడిగారు. పాత మందు వాడుతూ ఇంకా లక్షణాలు మిగిలినవాళ్ళకి కోబెన్ఫీ కలిపి ఆరు వారాలు చూశారు, ఎరైజ్ అని ఆ ట్రయల్ పేరు. 2025 ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది, కొంచెం తేడా కనపడింది గానీ అది మందు వల్లే అని గట్టిగా చెప్పేంత లేదు. అంటే ఒంటరిగా ఇస్తే పనిచేసిన మందు పాతదానికి తోడుగా ఇస్తే నిరూపించుకోలేకపోయింది. ఇలాంటి వార్త మన దాకా రాదు, మందు వచ్చిందనే వార్త ఒక్కటే వస్తుంది. ఇదే దారిలో ఆబ్‌వీ కంపెనీ తెచ్చిన ఎమ్రాక్లిడిన్ అనే ఇంకో మందు కూడా 2024 నవంబర్‌లో ట్రయల్స్‌లో తేలిపోయింది. దారి మంచిదే, ఇంకా గతుకులున్నాయి.

నీ విషయంలో నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది ప్యాసిటేన్. రిస్పెరిడోన్ వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇస్తారు, మన దగ్గర చాలా చీటీల్లో మొదటి రోజే రాసేసి తర్వాత ఏళ్ళ తరబడి ఎవరూ తీయరు. అది చేసే పనేంటో తెలుసా, మెదడులో మస్కారినిక్ రిసెప్టర్లని, ముఖ్యంగా ఎం1ని, మూయడం. కొత్త మందు దేన్ని లేపుదామని చూస్తోందో దాన్నే ఇది పడుకోబెడుతుంది! నోరెండటం, మలబద్ధకం, మతిమరుపు దీని వల్ల రావొచ్చు. నీ లెక్కల మరుపు మొత్తం దీని వల్లే అనను, జబ్బు కూడా చేస్తుంది, రిస్పెరిడోన్ డోసు ఎక్కువైనా మందకొడితనం ఉంటుంది. కానీ డాక్టర్ దగ్గర ఈ ఒక్క ప్రశ్న అడుగు, "సార్, నాకు ఇప్పుడు వణుకు లేదు, ప్యాసిటేన్ ఇంకా అవసరమా, తగ్గించి చూద్దామా?" అని. రిస్పెరిడోన్ డోసు కొంచెం సర్ది ప్యాసిటేన్ నెమ్మదిగా తీసేస్తే తేలికపడినవాళ్ళు ఉన్నారు. నీ అంతట నువ్వు మాత్రం ఒక్కరోజులో ఆపకు, మెడ పట్టేసి కళ్ళు పైకి లాగేసే పరిస్థితి రావొచ్చు.

సాయంత్రం తిట్లకి. షాపు మూసి బస్సెక్కే టైంలో ఇయర్ ఫోన్స్ పెట్టి పాటలో, క్రికెట్ కామెంటరీయో వింటే కొంతమందికి ఆ గొంతులు వెనక్కి పోతాయి, ఎవరితోనైనా మాట్లాడుతుంటే కూడా. గొంతులతో వాదనకి దిగకు. వైజాగ్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడ సైకాలజిస్టులు ఉంటారు, గొంతులు వినపడేవాళ్ళతో చేసే సీబీటీ (మందుతో కాకుండా మాటలతో చేసే చికిత్స) గురించి అడుగు. ఆ గొంతులు చచ్చిపో అనో ఎవర్నైనా కొట్టు అనో అంటే సాయంత్రం దాకా ఆగకుండా ఆసుపత్రికెళ్ళు, లేదా 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

సిగరెట్ సంగతి కూడా చెప్తా, అందరికీ పనికొస్తుంది. సిగరెట్ పొగ ఒలాంజపైన్, క్లోజపైన్ లెవెల్స్‌ని ఒంట్లో తగ్గించేస్తుంది, ఒక్కసారిగా మానేస్తే ఆ మందులు ఎక్కువై మత్తు ముంచుకొస్తుంది. ఆ రెండిట్లో ఏదన్నా వాడుతూ సిగరెట్ మానేవాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

మా ఆయన మందంటేనే మండిపడతారు. తనకేం జబ్బు లేదంటారు. మా అత్తగారు, నేను కలిసి మజ్జిగలో రిస్పెరిడోన్ చుక్కలు కలిపి ఇస్తున్నాం. ఈమధ్య మజ్జిగ వాసన చూసి తాగుతున్నారు. కొత్త మందుకి రుచి లేదంటున్నారు కదా, దాన్ని కలపొచ్చా?
— నెల్లూరు జిల్లా నుంచి

కలపకూడదు, కలపడం కుదరదు కూడా. అది క్యాప్సూల్, విప్పకుండా మింగాలి, రోజుకి రెండుసార్లు, అదీ ఖాళీ కడుపున. మీ ఆయనకి ఏ లెక్కన చూసినా నప్పదు. రుచి లేదని ఎవరు చెప్పారో గానీ నోట్లో వేసుకుని చూసి చెప్పుండరు.

మిమ్మల్ని తప్పుపట్టను, ఈ పని చేసే ఇళ్ళు ఎన్నున్నాయో నాకు తెలుసు, చాలాసార్లు ఆ చుక్కలే మనిషిని రోడ్డున పడకుండా కాపాడతాయి. కాకపోతే ఆయన జబ్బే అనుమానం, అన్నంలో ఏదో కలుపుతున్నారని భయపడే మనిషికి నిజంగానే కలుపుతూ పట్టుబడితే ఇక ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు. వాసన చూస్తున్నారంటే ఆ రోజు దగ్గరికొచ్చింది.

మీకు కావాల్సింది నెలకోసారి ఇచ్చే సూది. పాలిపెరిడోన్ అని, రిస్పెరిడోన్‌కి దగ్గర చుట్టం, నెలకోసారి, కొంతమందికి కుదిరాక మూడు నెలలకోసారి కూడా ఇస్తారు, కాకపోతే ఖరీదు. ఫ్లూఫెనజీన్ అనే పాత ఇంజక్షన్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అది చవక, వణుకు మాత్రం ఎక్కువ రావొచ్చు. ఇప్పటికే ఆయన ఒంటికి రిస్పెరిడోన్ పడుతోందని తెలుసు కాబట్టి పాలిపెరిడోన్‌కి మారడం సులువు. చుక్కల సంగతి డాక్టర్ దగ్గర దాచకండి, ఎన్ని చుక్కలు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్నాళ్ళ నుంచి అన్నది రాసుకెళ్ళండి, ఆ లెక్క తెలియకపోతే ఇంజక్షన్ డోసు వేయడం కష్టం.

ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు జబ్బు మాట ఎత్తకండి, ఒప్పుకోరు. నిద్ర పట్టట్లేదని ఆయనే అంటుంటారు కదా, చాలామంది అంటారు, నిద్ర కోసం చూపిద్దాం అనండి, అది అబద్ధం కూడా కాదు. అసలు రానంటే ముందు మీరూ అత్తగారూ వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడి రండి. కొట్టడం, బెదిరించడం దాకా వెళ్తే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆయన ఒప్పుకోకపోయినా దగ్గరి మనిషిగా మీరు అప్లికేషన్ ఇచ్చి చేర్పించే పద్ధతి ఉంది, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి సరేనంటేనే తీసుకుంటారు. ఆసుపత్రికి బయల్దేరే ముందు మాత్రం ఫోన్ చేసి సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో, ఆ ఇంజక్షన్ స్టాక్ ఉందో లేదో కనుక్కోండి, ఆయన్ని రెండోసారి బస్సెక్కించడం మీ వల్ల కాదు.